బాంకాకు సందులలో బాడుగ మోటారు సైకిలు

మోటారు సైకిలు మొదట ఒక్క మనిషి కోసం పుట్టిన యంత్రం. వెనుక పీట తరువాత వచ్చి చేరినది. ఆ పీట మీద భార్యయో, మిత్రుడో, బడికి పోయే పిల్లవాడో కూర్చున్నంత కాలం అది ఇంటి వ్యవహారమే. ముక్కూ మొగమూ తెలియని మనిషి నాలుగు డబ్బులిచ్చి ఎక్కి కూర్చుని, తన వలెనే ముక్కూ మొగమూ తెలియని మరొకని వీపు చూస్తూ ప్రయాణించడం ఆరంభించిన నాడు అది ఒక వృత్తి అయినది. నేడు ఆసియాలోను ఆఫ్రికాలోను ఎన్నో మహానగరాలలో ఉదయాన కచేరీలు తెరుచుకోవాలంటే ఈ వృత్తి సాగవలసినదే.

దేశ దేశానా దానికి వేరు వేరు పేర్లున్నవి. వియత్నాము వారు 'సే ఓమ్' అంటారు. కౌగిలి బండి అని దాని అర్థం. ముందున్నవానిని పట్టుకొనక తప్పదు కనుక ఆ పేరు సార్థకమైనదే. ఇండొనీషియాలో 'ఓజెక్' అంటారు. నైజీరియా దేశపు లాగోస్ నగరంలో 'ఒకాడా' అన్నది ఒకప్పటి విమాన సంస్థ పేరు. రోడ్డు మీద కదలక నిలిచిపోయిన బస్సులను దాటి దూసుకుపోయే బండికి జనం ఆ పేరు తగిలించినారు. ఉగాండాలో 'బోడా బోడా' అంటారు. కెన్యా సరిహద్దున రెండు దేశాల ఠాణాల నడుమ నిర్జన భూమి ఉన్నది. 1960 ప్రాంతాలలో అక్కడి కుర్రవాళ్లు సైకిళ్ల వెనుక మనుషులను ఎక్కించుకొని దానిని దాటించేవారట. 'బోర్డర్, బోర్డర్' అని వారు వేసిన కేకయే అరిగి అరిగి 'బోడా బోడా'గా మిగిలినది.

ఇన్ని నగరాలు ఉండగా ఈ ప్రసంగానికి మేము బాంకాకును ఎన్నుకొన్నాము. దానికి కారణం ఉన్నది. ఈ వాహనం ఎందుకు పుట్టినదో, ఎందుకు అది ఒకేసారి ప్రియమైనదీ ప్రమాదకరమైనదీ అయినదో, ఆ నగరపు వీధుల తీరు చూస్తే చాలు, విడమరచి చెప్పినట్లు తెలుస్తుంది.

బాంకాకు అన్నది పరాయివారు పిలిచే పేరు. ఆ నగరవాసులు తమ రాజధానిని 'క్రుంగ్ థేప్ మహానఖోన్' అంటారు. 'థేప్' అంటే మన దేవుడే. 'మహానఖోన్' మన మహానగరమే. ఆ దేవనగరంలో నూటయేబది యేండ్లకు పూర్వం బండ్లు తిరిగే బాటలు బహు స్వల్పం. చావ్ ఫ్రాయా నది, దాని నుండి తవ్విన కాలువలు, వాటి మీద పడవలు: పురజనుల రాకపోకలన్నీ నీటి మీదనే సాగేవి. కాలువను వారు 'ఖ్లోంగ్' అంటారు. 1861లో అక్కడ కాపురమున్న ఐరోపా దేశాల రాయబారులు మోంగ్‌కుత్ మహారాజుకు ఒక అర్జీ పెట్టుకొన్నారు. సాయంకాలం గుర్రపు సవారీ చేయడానికి బాట లేక తమ ఆరోగ్యాలు చెడిపోతున్నవని వారి మొర. రాజు ఆలకించి చారోన్ క్రుంగ్ అనే రోడ్డు వేయించినాడు. అది 1864 నాటికి పూర్తి అయినది. సవారీ చేసేవాడి మొర నుండి ఆ రోడ్డు పుట్టడం మాకు మహా చిత్రంగా తోచినది.

ఇక అసలు సంగతి. కాలువల ఒడ్డున వరిమళ్లు, పండ్ల తోటలు ఉండేవి. ప్రతి రైతుకూ నీరు అందవలె కనుక ఆ భూములు కాలువ దరి నుండి లోపలికి నిడుపాటి చీలికలుగా పంపకమైనవి. ఇరువదవ శతాబ్దంలో నగరం పెరిగినది. కాలువలు అనేకం పూడ్చి రోడ్లు వేసినారు. వాటి పక్కనున్న చీలికలను యజమానులు ఎవరికి వారు అమ్ముకొన్నారు. కొన్నవారు చీలిక పొడుగునా ఒక సందు వేసి, దానికి ఇరుపక్కల ఇండ్లు కట్టినారు. ఆ సందునే 'సోయి' అంటారు. పక్క చీలికవాని సందుతో తన సందును కలపవలెనన్న నియమం ఎవరికీ లేదు. అందువలన వందలాది సోయిలు పెద్దరోడ్డు నుండి బయలుదేరి, కిలోమీటరో రెండు కిలోమీటర్లో లోపలికి పోయి, ఒక గోడ దగ్గరనో కాలువ దగ్గరనో అంతరించిపోతాయి. పక్క సందులోని చుట్టాల ఇంటికి పోవలెనంటే వెనుకకు పెద్దరోడ్డు దాకా నడిచి, అక్కడ పది బారలు జరిగి, మరల లోపలికి నడవవలసినదే.

సుఖుంవిత్ అనే పెద్ద రోడ్డు దీనికి చక్కని ఉదాహరణ. దానికి ఒక పక్కవి బేసి సంఖ్యల సోయిలు, మరొక పక్కవి సరి సంఖ్యలవి. చూడడానికి ఇది పద్ధతిగానే ఉన్నది. కాని ఒక పక్క సందులు ఎక్కువ, మరొక పక్క తక్కువ కావడం చేత 55వ సోయికి ఎదురుగా 56 ఉండదు, 38 ఉంటుంది! కొత్తవాడు చిరునామా కాగితం చేతబట్టుకొని ఎండలో నిలబడి ఎంతగా లెక్క పెట్టుకొన్నా లాభం లేదు. బస్సులు పెద్దరోడ్డు విడిచి రావు. 1999 డిసెంబరులో తలపైన నడిచే రైలు వచ్చినది. 2004 జూలైలో నేల క్రింద నడిచే రైలు వచ్చినది. అవి రెండూ పెద్దరోడ్ల వెంటనే పోతాయి. ప్రయాణంలో పది మైళ్లు సుఖంగా గడిచి, చివరి మైలు దగ్గర మనిషి చిక్కుపడిపోతాడు. నెత్తిన ఎండ, చేతిలో సంచి, ఎదుట రెండు కిలోమీటర్ల సందు.

ఆ సందు మొదట నారింజ రంగు చేతులు లేని చొక్కాలు తొడుక్కొని పదిమంది మనుషులు ఒక గొడుగు క్రింద కూర్చుని ఉంటారు. వారి బండ్లు వరుసగా నిలిచి ఉంటాయి. మన ఆటోవాళ్లు అడ్డా అన్నట్లు ఆ చోటును వారు 'విన్' అంటారు. 1980వ దశకం తొలినాళ్లలో రామా 4 రోడ్డు పక్కనున్న సోయి ఙామ్ దుప్లీలో, నౌకాదళం వారి నివాసాల దగ్గర, ఇటువంటి మొదటి అడ్డా వెలసినదని చెబుతారు. ఆ పిమ్మట అది నగరమంతటా అల్లుకొన్నది. ప్రభుత్వం పథకం వేయలేదు, కంపెనీ పెట్టుబడి పెట్టలేదు. సందు నిడివి మనిషి కాళ్ల ఓపికను మించినచోటల్లా ఒక అడ్డా తనంతట తాను మొలిచినది.

ఈ నడిపేవారిలో అధికులు ఇసాన్ అనే ఈశాన్య ప్రాంతపు పల్లెలవారు. ఆ ప్రాంతం పేరులో ఉన్నది మన 'ఈశాన్య' శబ్దమే. వరినాట్ల రోజులలోను, కోతల రోజులలోను చాలమంది ఊరికి వెళ్లిపోయి మరల వస్తారు. ఏ ఇంట వృద్ధులున్నారు, ఏ ఇంట కుక్క కరుస్తుంది, ఏ పిల్ల ఏ గంటకు బడి నుండి వస్తుంది: ఆ సోయి జాతకమంతా వారికి కంఠస్థం. మనుషులనే కాక వారు ఉత్తరాలు, క్యారియర్లు, మరచిపోయిన తాళంచెవులు కూడ మోస్తారు. కరెంటు బిల్లు కట్టి వస్తారు. క్లాడియో సొప్రాన్‌జెట్టి అనే ఇటలీ దేశపు మానవశాస్త్రజ్ఞుడు వీరి మధ్య చాల కాలం మెలగి, 2017లో వీరిని గూర్చి ఒక గ్రంథం ప్రకటించినాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'పటానికి యజమానులు' అని అర్థమిచ్చేది. నగరపు పటం వీరి తలలో ఉన్నదని భావం. 2010లో రాజధానిని అట్టుడికించిన రాజకీయ ఆందోళనలో వీరిలో ఎందరో పాల్గొన్నారు. సైనికులు మూసిన దారులకు పక్కదారులు వీరికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

సవారీలోని సొగసు చెప్పకుండా ప్రమాదం ఒక్కటే చెప్పితే శ్రోతలు మమ్ము భయస్థుల జాబితాలో వేస్తారు. మేము ఆ నగరంలో ఉన్న కొద్ది రోజులలో ఆ బండ్లు పలుమార్లు ఎక్కినాము. బాంకాకు కూడళ్లలో ఎర్రదీపం చాల దీర్ఘాయువు కలది. దీపాలను చాల కూడళ్లలో ఎంతోకాలంగా పోలీసులే చిన్న గదిలో కూర్చుని చేతితో మారుస్తూ వచ్చినారు. ఒక దిక్కు బండ్లు తీరేవరకు రెండవ దిక్కు వేచి ఉండవలసినదే. కార్లలోనివారు అద్దాలు బిగించుకొని, ముందున్న కారు వెనుక భాగాన్ని ధ్యానిస్తూ ఉండగా మా బండి ఆ కార్ల వరుసల నడుమ నుండి, నీటిలో చేపపిల్ల వలె, మెలికలు తిరుగుతూ ముందుకు పోయినది. దీపం పచ్చబడేసరికి మేము అందరికన్న ముందు నిలిచి ఉన్నాము. ఒక సామాన్యుడు ఇరువది రూపాయల వంటి సొమ్ముతో కోటీశ్వరుని కారును దాటిపోయే చోటు మరెక్కడ ఉన్నది?

ఇంకొకటి కూడ ఉన్నది. కారులో పోయేవానికి నగరం ఒక బొమ్మ. మోటారు సైకిలు మీద పోయేవానికి అది తగులుతుంది. సోయి మొదట్లో కాగే నూనెలో తులసాకు వేసిన ఘాటు, నాలుగు అడుగులు పోగానే మల్లెల మాలలు గుచ్చే ముసలమ్మ బుట్ట పరిమళం, ఆ వెంటనే మురుగు కాలువ కంపు, దాని వెనుక దేవళంలోని అగరువత్తుల పొగ. ఆ దేశపు స్త్రీలలో చాలమంది పావడాలతో ఒక పక్కకు కూర్చుని, ఒక చేత సంచి, ఒక చేత ఫోను పట్టుకొని, దేనినీ ఆనుకొనకుండ, చెక్కిన బొమ్మ వలె చలించక పోతారు. అది చూచి ఆశ్చర్యపడవచ్చును గాని అనుకరించరాదు.

ఏల అనుకరించరాదో ఇప్పుడు చెబుతాము. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సోయిలో సాధారణమే. ఎవరూ దానిని వేగమనరు. ఆ వేగంతో పోతూ బండి దేనికైనా గట్టిగా తగిలి ఆగిపోతే, ఎక్కినవానికి కలిగే అఘాతం ఇరువది అడుగుల ఎత్తు నుండి నేలమీద పడినదానితో సమానం. అంటే రెండంతస్తుల మేడ పైనుండి. కారులోనివానికి ఆ దెబ్బను ముందుగా తినడానికి ఇనుప రేకు ఉన్నది, నడుముకు పట్టీ ఉన్నది. వెనుక పీటమీదివానికి ఉన్న రేకు అతని ఎముకలే. పైగా నడిపేవానికి హ్యాండిలు ఉన్నది, ముందు రాబోయేది కన్నులకు కనిపిస్తున్నది. తాను బ్రేకు వేయబోయే సంగతి తనకు ముందుగా తెలుసు. వెనుకవానికి ఈ మూడూ లేవు. బ్రేకు పడిన తరువాత అతనికి తెలుస్తుంది.

వెనుక మనిషి ఎక్కినప్పుడు బండి గుణమే మారిపోతుంది. బరువు వెనుకకు జరుగుతుంది, ముందు చక్రం తేలిక అవుతుంది, ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. మలుపులో నడిపేవాడు ఎటు ఒరుగుతాడో వెనుకవాడూ అటే కొంచెం ఒరగవలె. బెదిరి ఎదురుదిక్కుకు ఒరిగితే బండి అనుకొన్న గీత విడిచి బయటకు పోతుంది. ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పరు. కార్ల నడుమ నుండి పోయేటప్పుడు మోకాళ్లను బండికి దగ్గరగా ముడుచుకొనకపోతే కార్ల అద్దాలు వాటికి తగులుతాయి. కుడివైపు సైలెన్సరు గొట్టం నిప్పు వలె కాలి ఉంటుంది. దిగేటప్పుడు కుడి పిక్కకు అది తగిలి కాలిన మచ్చ బాంకాకు నుండి ఎంతోమంది విదేశీయులు తీసుకొనిపోయే ఉచిత జ్ఞాపిక. ఎడమవైపు నుండి ఎక్కి, ఎడమవైపుననే దిగితే ఆ జ్ఞాపిక తప్పుతుంది. వాన కురిసిన మొదటి నిమిషాలలో రోడ్డు మీది దుమ్మూ నూనే కలిసి జారుతాయి. అప్పుడు తెల్లగీతల మీదనూ మురుగు మూతల ఇనుప రేకుల మీదనూ బ్రేకు వేస్తే చక్రం పట్టు తప్పుతుంది. నడిపేవారికి ఇది బాగుగా తెలుసు. అయినా పది నిమిషాలలో మునిగిపోయే సందులో ప్రయాణికుడు తొందర పెడుతూ ఉంటే తెలిసినదంతా గాలికి పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన నివేదికను బట్టి, థాయిలాండు రోడ్లమీద ప్రాణాలు కోల్పోయినవారిలో దాదాపు నాలుగింట మూడు వంతులమంది రెండు, మూడు చక్రాల వాహనాలపై పోతున్నవారే. వారందరూ బాడుగ బండ్లవారు కారు. అధికులు సొంత బండ్లవారే. ఐనా ఈ సవారీ ఎటువంటి వర్గానికి చెందినదో ఆ లెక్క చెప్పుతున్నది.

దీనికి నివారణ ఏమిటని అడిగితే అందరూ హెల్మెట్టు అంటారు. నిజమే. అనేక దేశాల పరిశోధనలను కూర్చి 2008లో చేసిన ఒక సమీక్షను బట్టి, హెల్మెట్టు ధరించినవారికి మరణ ప్రమాదం 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం 69 శాతం తగ్గుతుంది. థాయి చట్టం నడిపేవానికీ వెనుకవానికీ దానిని విధించినది. నడిపేవారు చాలమట్టుకు పెట్టుకొంటారు. వెనుకవానికి ఇచ్చేది మాత్రం హ్యాండిలుకు వేలాడే ఒక పలుచని టోపీ. అది ఆనాడు ఎందరి చెమట తాగినదో, అంతకు ముందు రోజు ఎందరిదో. దానిని చూచి ముఖం తిప్పుకొనేవారిని మేము తప్పు పట్టము. 'ఈ సందు చివరకే గదా' అని పెట్టుకొనరు. పెట్టుకొన్నా గడ్డం క్రింది పట్టీ బిగించరు. పట్టీ లేని హెల్మెట్టు తల కన్న ముందే రోడ్డు మీదికి ఎగిరిపోతుంది. రువాండా రాజధాని కిగాలీలో బాడుగ బండివాడు రెండవ హెల్మెట్టు ఇవ్వడం, ఎక్కినవాడు పెట్టుకొనడం నిత్యకృత్యమై పోయినది. ఒక చోట సాధ్యమైనది మరొక చోట అసాధ్యమని అనడానికి వీలులేదు.

ఇంతవరకు చెప్పినది యంత్రం సంగతి. మాకు అంతకన్న ముఖ్యమనిపించినది కూలి సంగతి. వెనుక కూర్చున్నవాని క్షేమం ముందున్నవాని తొందర మీద ఆధారపడి ఉన్నది. ఆ తొందర అతనికి డబ్బు ఏ విధంగా ముట్టుతున్నది అన్నదానిని బట్టి ఉంటుంది.

అడ్డాలో వంతు ఉన్నది. ముందు వచ్చినవాడు ముందు పోతాడు. దిగబెట్టి తిరిగి వచ్చి వరుస చివర నిలుస్తాడు. ఎంత వేగంగా పోయివచ్చినా తన ముందున్న తొమ్మిదిమంది కదిలిన దాకా అతనికి మరొక బేరం లేదు. కనుక రద్దీ వేళ తప్ప, ప్రాణం పణం పెట్టి ఉరకడం వలన అతనికి లాభం స్వల్పం. వీపు మీద అంకె ఉన్నది, అడ్డా పేరు ఉన్నది. పిల్లను బడికి దిగబెట్టేటప్పుడు అడ్డదిడ్డంగా నడిపితే సాయంకాలానికి తల్లి వచ్చి అడ్డా పెద్దను నిలదీస్తుంది. పరువు పోయినవానికి ఆ సందులో బేరం ఉండదు.

ఈ ఏర్పాటు స్వర్ణయుగమని మేము అనడం లేదు. ఆ నారింజ చొక్కా వెనుక పెద్ద దోపిడి ఉండేది. అడ్డా మీద పెత్తనం చేసేవారు, వారి వెనుక ఉన్న అధికార బలగం, నెల నెలా మామూలు గుంజేవారు. రద్దీ కూడళ్ల దగ్గర ఒక్కొక్క చొక్కా లక్ష బాట్ల దాకా పలికినదంటే అది నూలు బట్ట ధర కాదని వేరే చెప్పనక్కరలేదు. 2003లో ప్రభుత్వం నడిపేవారి పేర్లు నమోదు చేసి చొక్కాలు తానే పంచడానికి పూనుకొన్నది. 2014లో సైనిక ప్రభుత్వం వచ్చి మరల మొదటి నుండి నమోదు చేసినది. అదే పని రెండవమారు చేయవలసి వచ్చినదంటే మొదటి పూనిక ఎంతవరకు ఫలించినదో ఊహించవచ్చును.

ఇంతలో ఫోనులో పిలిచే బండ్లు వచ్చినవి. ఊబర్ సంస్థ తన మోటారు సైకిలు సేవను 2016 ఫిబ్రవరిలో ప్రప్రథమంగా బాంకాకులోనే ప్రయోగించినది. గ్రాబ్ అప్పటికే అక్కడ ఉన్నది. సొంత బండ్లను బాడుగకు తిప్పడం చట్టవిరుద్ధమని అధికారులు ఆ సంవత్సరం మే నెలలో రెండింటినీ ఆపమన్నారు. అడ్డాలవారికీ యాప్‌లవారికీ నడుమ వీధి కలహాలు కూడ జరిగినవి. కాలక్రమాన అటువంటి సేవలు ఆ నగరంలో మరల పాదుకొన్నవి. ప్రయాణికునికి వాటి వలన మేలు లేకపోలేదు: ధర ముందే తెలుస్తుంది, బేరమాడే పని లేదు, ఎవరి బండి ఎక్కినదీ లెక్కలో ఉంటుంది. కాని అక్కడ వంతు లేదు. ఒక బేరం ఎంత త్వరగా ముగిస్తే మరొకటి అంత త్వరగా దొరుకుతుంది. ఇన్ని బేరాలకు ఇంత బహుమానమని ఆశ చూపే పద్ధతి కూడ తోడైతే చెప్పవలసినదేమున్నది? పైగా ఫోనులోని పటం చూస్తూ నడపవలె. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను అరచేతి వెడల్పు అద్దం మీద. పటానికి యజమాని అయినవాడు పటానికి సేవకుడైనాడు.

ఈ మాటలు వింటూ మన హైదరాబాదు శ్రోతలు చిరునవ్వు నవ్వుతూ ఉంటారని ఎరుగుదుము. 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమైనది మొదలు అమీర్‌పేట మెట్ల దగ్గర, ఆ తరువాత హైటెక్ సిటీ మెట్ల దగ్గర అదే చివరి మైలు కథ నడుస్తున్నది. 2015లో బెంగుళూరులో పుట్టిన రాపిడో వంటి సంస్థల బండ్లు మన బస్తీ సందులలోకి వచ్చినవి. ఇక్కడ వీపు మీద అంకె వేసిన అడ్డా సంప్రదాయం ఏర్పడలేదు. గోవాలో మాత్రం పసుపు నలుపు రంగులు వేసిన 'పైలటు' బండ్లు దశాబ్దాలుగా అనుమతితో నడుస్తున్నవి. మన వద్ద నడిపేవాడు పగలు చదువుకొనే విద్యార్థి కావచ్చును, జీతం చాలని చిరుద్యోగి కావచ్చును. సొంత బండి బాడుగకు తిప్పవచ్చునా అన్న తగవు ఇక్కడా వచ్చినది. కర్ణాటకలో హైకోర్టు ఉత్తరువు మీద 2025 జూనులో ఆ సేవలు ఆగిపోయినవి. వివాదం అటుపైన కూడ సాగినది. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాలు, రాష్ట్రాలు అంగీకరిస్తే సొంత మోటారు సైకిళ్లపై ప్రయాణికులను తీసుకొనిపోవచ్చునని అవకాశమిచ్చినవి.

చట్టాన్ని గూర్చి గృహస్థులు తెలుసుకొనవలసినది మరొకటి ఉన్నది. సొంత వాడకానికని తీసుకొన్న బీమా పత్రంలో సాధారణంగా 'బాడుగకు తిప్పరాదు' అన్న షరతు ఉంటుంది. చట్టం విధించిన మేరకు మాత్రమే తీసుకొన్న బీమా, ఉచితంగా వెనుక ఎక్కినవానికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో ఒక తీర్పులో చెప్పినది. కనుక యాప్‌వారు తాము ప్రయాణికునికి బీమా ఇస్తున్నామని వ్రాసినచోట, దాని మొత్తమెంత, ఆస్పత్రి ఖర్చు కలుస్తుందా, ఎన్ని దినాలలో తెలియజేయవలె అన్న సంగతులు ఎక్కక ముందే ఒకమారు చదివి పెట్టుకొనుట మంచిది. కాలు విరిగిన తరువాత చదవడానికి ఓపిక ఉండదు.

మన స్త్రీలకు బాంకాకు స్త్రీలకు లేని ఒక ఇబ్బంది ఉన్నది. చీరకొంగు, చున్నీ వెనుక చక్రపు ఊచలలోనో గొలుసులోనో చిక్కుకొంటే రెప్పపాటులో మనిషిని లాగివేస్తుంది. చున్నీ మెడ చుట్టూ ఉంటే ఆ మాట చెప్పడానికే నోరు రాదు. ఇందుకనే మన మోటారు వాహనాల నియమావళి 123వ నియమం వెనుక కూర్చున్నవారికి పట్టుకొనడానికి పిడి, పాదాలకు ఫుట్‌రెస్టు, చక్రానికి కనీసం సగం మేర కప్పు ఉండవలెనని శాసించినది. శారీ గార్డు అని మనం పిలిచేది ఆ కప్పునే. కుర్రవాళ్లు అందం చెడుతుందని దానిని విప్పివేయడం కద్దు. బండి రాగానే రంగూ పేరూ చూడడం కన్న ముందు ఆ కప్పు ఉన్నదా అని చూడవలె. లేకుంటే ఆ బేరం వదలుకొని మరొక బండిని పిలుచుకొనవచ్చును; అయిదు నిమిషాల ఆలస్యమే గదా. ఉన్నా సరే, కొంగు నడుముకు దోపి, చున్నీ రెండు కొసలూ ముడివేసి, రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చునడానికి వీలైన వస్త్రధారణ ఉంటే అలాగే కూర్చునవలె. సంచి ఒడిలో ఇద్దరి నడుమ ఉంచుకొనవలె, భుజాన వేలాడదీయరాదు. సొంత హెల్మెట్టు సంచిలో పట్టదనేవారు, తలకు చుట్టుకొనడానికి ఒక శుభ్రమైన నూలు రుమాలైనా వెంట ఉంచుకొంటే ఆ చెమట టోపీని నిస్సంకోచంగా పెట్టుకొనవచ్చును. నాలుగేండ్లు దాటిన ప్రతివారికీ అది విధి అని మన చట్టం 129వ విభాగం చెప్పుతున్నది.

నడిపేవానితో మాట్లాడడానికి మొగమాటపడేవారు చాలమంది. బాంకాకులో మాకు నేర్పిన మొదటి థాయి మాట 'ఛా ఛా' అన్నది. తెలుగువాని చెవికి అది కసరుకొన్నట్లు వినిపిస్తుంది గాని ఆ భాషలో దానికి 'మెల్లగా, మెల్లగా' అని అర్థం. దానిని మేము ప్రతి మలుపులోను నిస్సంకోచంగా వాడినాము. ఒక్క నడిపేవాడైనా నొచ్చుకొనలేదు, ప్రతివాడూ వేగం తగ్గించినాడు. మన కుర్రవాడికి చెప్పడానికి ఆ పరాయి మాట కూడ అక్కరలేదు. ఎక్కేటప్పుడే, ఇంజను చప్పుడు పెరగక మునుపే, 'తొందర లేదు బాబూ, ఫోను జేబులో పెట్టు, దారి నేను చెబుతాను' అంటే సరిపోతుంది.